కిటికీ కింద అరుగు

రొట్టె పెట్టే ఇత్తడి పళ్ళేన్ని చింతపండుతో తోమి, రిబ్కా వెలుగుకేసి పట్టి చూసింది. అంచు దగ్గర ఇంకా మసక ఉంది. మళ్ళీ తోమింది.

దివిసీమ ఉప్పెన వచ్చిన మరుసటి వేసవి. బల్ల ఇచ్చే ఆదివారం, ప్రభువు పేరిట రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. తిరువూరు చర్చిలో ఊడ్చేదీ, చాపలు పరిచేదీ, పళ్ళెం, గిన్నె కడిగేదీ రిబ్కాయే. సన్నటి మనిషి. నీళ్ళ బిందె మోసీ మోసీ ఎడమ భుజం కిందికి జారింది. అయితే ఆ పళ్ళెంలో రొట్టె మాత్రం పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమె ముట్టలేదు.

కట్టుకున్నవాడు అంకారావు. రెడ్డిగూడెం దారిలో మామిడితోట కాపలా. అమ్మ బతికున్నంత కాలం పోతురాజుకి పెట్టే ముద్ద మాననన్నాడు. అమ్మ పోయాక ఆ ముద్ద పెట్టడం అతని వంతయింది. బాప్తిస్మం లేనివాణ్ణి చేసుకుందని సంఘం ఆమెను బల్ల నుంచి తప్పించింది. అతను మాత్రం ప్రతి ఆదివారం ఆమెతో నడిచొచ్చి, కిటికీ కింద అరుగు మీద కూర్చుని ప్రసంగమంతా వినేవాడు. ప్రార్థన మొదలవగానే బీడీ ఆర్పేసేవాడు.

ఆ ఉదయం పక్కగదిలో రిబ్కా ద్రాక్షరసం వంపుతుంటే, కొత్తగా వచ్చిన పాస్టరు ప్రభుదాసు, సంఘపెద్ద యోబు మాస్టారు ఆమె గురించే మాట్లాడుకున్నారు. ఈవేళ ఆమెకూ బల్ల ఇస్తానన్నాడు పాస్టరు. బైబిల్లో చెర నుంచి తిరిగొచ్చినవాళ్ళు అన్యజాతి భార్యల్ని ఏడుస్తూ పంపేయలేదా, ఆ పుటలు చింపేద్దామా అని మాస్టారు అడిగాడు. మోయాబు అనే పరాయి దేశం నుంచి వచ్చిన కోడలి కథా అందులోనే ఉందిగా, ఆమె వంశంలోనే రాజు పుట్టాడుగా అన్నాడు పాస్టరు.

“ఆమె తన దేవుళ్ళని వదిలొచ్చిందండి. అంకారావు వదిలాడా?”

“రెండూ వాక్యమే మాస్టారూ. రెంటి మధ్యా నేనూ నలిగిపోతున్నాను. కానీ ఆ పళ్ళెం ప్రతిసారీ ఆమె చేతే తోమించుకుంటూ, ఆమెకి లేదని నేను చెప్పలేను.”

మాస్టారు కఠినుడేమీ కాదు. రిబ్కా బిడ్డ జ్వరంతో పోయినప్పుడు చివరిదాకా పక్కన నిలబడ్డవాడే. అయినా, తాను మాత్రం ఒప్పుకోనని చెప్పి వెళ్ళి ముందు వరసలో కూర్చున్నాడు.

ప్రసంగం అయ్యాక పాస్టరు ఆమెను పేరు పెట్టి పిలిచాడు. రిబ్కా ముందుకి వెళ్ళి చెయ్యి చాపింది. అరచేతిలో రొట్టెముక్క పడింది. ఇన్నేళ్ళు ఎదురుచూసింది దానికోసమే. నోట్లో వేసుకోబోయి ఆగింది. వెనక్కి తిరిగి, చాపల మధ్యగా, అందరూ చూస్తుండగా బయటికి నడిచింది.

అంకారావు గోడకి ఆనుకుని ఉన్నాడు. నాలుగు రోజులుగా గుండెల్లో నొప్పి. మొహమంతా చెమట.

“మావా, నోరు తెరువు.”

“నాకు పెట్టొచ్చా?”

“నాకిచ్చారు. నా దాంట్లో నీకు లేదా?”

ముక్కను తుంచి సగం అతని నోట్లో పెట్టి, సగం తను తింది. అతను మెల్లగా నమిలాడు. మంచినీళ్ళు కావాలన్నాడు. ఆమె లోపలికెళ్ళి కుండలో ముంచుకొచ్చేసరికి అతని తల గోడమీదికి ఒరిగి ఉంది. దవడ కదలడం లేదు. లోపల ఆఖరి పాట పాడుతున్నారు.

రిబ్కా చెంబు కింద పెట్టి పక్కన కూర్చుంది. అతని చెయ్యి తన ఒళ్ళోకి తీసుకుంది. కాసేపటికి జనం వచ్చారు. బండి కట్టి తోటకి తీసుకెళ్దామన్నారు కొందరు. అతని వాళ్ళకి కబురు పెట్టాలన్నారు ఇంకొందరు. యోబు మాస్టారు గుమ్మంలో చాలాసేపు నిలబడిపోయాడు. తర్వాత మెట్లు దిగి వచ్చి వంగాడు. అంకారావు మీసానికి అంటుకున్న రొట్టెపొడిని కండువా అంచుతో తుడిచాడు.

“ఎండ ముదురుతోంది. లోపలికి తీసుకురండి,” అన్నాడు.

కాళ్ళవైపు తనే పట్టుకున్నాడు. ముందు వరసలో, బల్లకి దగ్గరగా చాప పరిచింది రిబ్కా. అతన్ని దానిమీద పడుకోబెట్టారు.

బయట అరుగు కింద అతని టైరు చెప్పులు, ఒకదానిమీద ఒకటి ఒరిగి, అలాగే ఉండిపోయాయి.