తీగ చుట్టిన లాకు

నాకు అక్షరాలు వచ్చి మూడేళ్లే. ఒత్తులు తప్పుతాయి, పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. మన్నించి చదవండి. ఇక్కడ మాట్లాడేది నా దగ్గరున్న ఇనుప ముక్క.

నేను ఒక చైను లాకుని. చైను రెండు కొసలనూ కలిపే లింకుని. మిగతా లింకులను ఫ్యాక్టరీలో ప్రెస్సు కింద బిగిస్తారు. నన్ను మాత్రం చేత్తో తొడిగి, చేత్తో తీసేలా చేశారు. నా రెండు పిన్నుల మీద పక్కరేకు వదులుగా కూర్చుంటుంది. అది జారకుండా ఒక చిన్న క్లిప్పు కాపలా. అందుకే చైనంతటిలోనూ బలహీనం నేనే. కొనేవాళ్లు ఆ సంగతి అడగరు; డబ్బా మీద రాసిన బలం చూసి మురిసిపోతారు.

పిడుగురాళ్లలో ఒక సున్నం బట్టీకి చేరాను. రాయి నింపిన తొట్టిని బట్టీ తలమీదికి లాగే వించిని మా చైనే తిప్పేది. నన్ను తొడిగింది ఫిట్టరు ఇన్నాసి. క్లిప్పు మూసిన కొస చైను నడిచే దిక్కుకే ఉందా అని రోజూ వేలితో తడిమి చూసేవాడు.

నాలుగో ఏట చైను సాగింది. రెండు లింకులు తీసి మళ్లీ కలపబోతే క్లిప్పు విరిగింది.

"నర్సరావుపేట పోయి కొత్తది తెస్తా సారూ. ఇది లేకపోతే లాకు ఊడిద్ది."

"నువ్వొచ్చేలోపు బట్టీ చల్లారిద్ది. నీ పెళ్లామొచ్చి ఊదుద్దా?" అన్నాడు మేనేజరు. "తీగ చుట్టి కానీయ్."

కూలీలు నవ్వారు. ఇన్నాసీ నవ్వి, తీగ చుట్టాడు.

పదిహేడో తొట్టికి తీగ అరిగి తెగింది. రేకు జారింది, నేను ఊడాను. నిండు తొట్టి వెనక్కి దొర్లి, కింద తొట్టి నడిచే పట్టాల మధ్య రాలిన రాళ్లు ఏరుతున్న ఇన్నాసి మీద పడింది.

ఆ సాయంత్రమే మేనేజరు ఇన్నాసి భార్య ముందు కాగితం పెట్టాడు. "శవాన్ని తీసుకుపోవాలంటే ఇక్కడ వేలెయ్యమ్మా." వేసింది. నకలు కాగితం ఆమెకూ ఒకటిచ్చాడు. మర్నాడు ఆమె తుక్కు కుప్పలోంచి నన్ను ఏరుకుంది, తీగ ముక్కతో సహా.

చదువు వచ్చాక ఆమె కూడబలుక్కుని చదివిన మొదటి కాగితం అదే. "ఫిట్టరు క్లిప్పు తిరగేసి పెట్టినందున ప్రమాదం జరిగినది." అసలు క్లిప్పే లేదు!

తప్పు ఇన్నాసిది కాదని అర్జీ రాసి, నన్ను పట్టుకుని లేబరు ఆఫీసుకు వెళ్లింది. గుమాస్తా నా వంక చూడనైనా లేదు.

"ఒప్పుకొనే వేలేశావు గదమ్మా. ఇప్పుడు మాట మారిస్తే ఎట్టా? అర్జీ నీ ఇష్టంతో వెనక్కి తీసుకున్నట్టు ఇక్కడ సంతకం పెట్టి పో."

అతను ముందుకు తోసిన కాగితంలోని రెండు వరుసలూ ఆమె చివరిదాకా చదివి, కలం కింద పెట్టింది.

"ఇది నేను పెట్టను."

"పెట్టకపోతే పాయె. నీ అర్జీ ఈ కట్టల్లోనే పడుంటది."

అక్కడే పడి ఉంది. ఆమె సంతకం మాత్రం దీని కింద ఉంది.

శౌరమ్మ, ఇన్నాసి భార్య
అరవై మూడేళ్లు, సత్తెనపల్లి