పచ్చజెండా పట్టుకున్న చెయ్యి

తడిగుడ్డలు పిండి మట్టిబొమ్మలకు చుట్టడంతోనే ఆమెకు తెల్లవారుతుంది. ఒక్కపూట మరిచినా మట్టి నెర్రెలు విచ్చుతుంది, శిల్పిగారు ఇల్లు పీకి పందిరేస్తారు. శిల్పిగారంటే ఆమె మొగుడే. రైల్వే స్టేషన్ ముందు నిలబెట్టబోయే కంచు విగ్రహాలకు ఇవి నమూనాలు. ఇంజను డ్రైవరు, బొగ్గు వేసేవాడు, గార్డు. నాలుగో బొమ్మ ఆమె పోరి పోరి పెట్టించుకున్నది, పచ్చజెండా పట్టుకున్న గేటు మనిషి. అది వాళ్లమ్మ. నాన్న పోయాక ఆ ఉద్యోగంలో చేరి, ఎండనకా వాననకా రైలు గేటు కాసి కూతుర్ని పెంచింది.

నాలుగు బొమ్మల చేతులూ ఈమె చేసినవే. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన పేరున్న ప్రతి విగ్రహానికీ చేతులు ఈమెవే. మొహాలు ఆయన అద్భుతంగా చేస్తారు, వేళ్లు మాత్రం దొండకాయల్లా వస్తాయి. ఎవరైనా అడిగితే "మా ఆవిడ కాస్త సాయం చేస్తుందిలెండి" అంటారు. అత్తగారైతే అదీ అనదు. "మట్టి పిసకడం కూడా ఒక పనేనా? విద్యంతా మావాడి చేతిలో ఉంది!"

ఆ ఉదయం ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి నిలబడ్డారు.

"విగ్రహాల కమిటీ వాళ్లకి ఆడమనిషి చేతిలో జెండా నచ్చలేదోయ్. మొగుడు రైలెక్కి వెళ్తుంటే చూస్తూ నిలబడ్డ ఇల్లాలైతే బావుంటుందన్నారు. జెండా తీసేసి చంటిపిల్లని పెట్టెయ్. రేపే అచ్చు తీయాలి."

"మా అమ్మ చూస్తూ నిలబడలేదండీ. ఉద్యోగం చేసింది."

"అబ్బా, మళ్లీ మొదలెట్టావా! రెండు చేతులేగా, చిటికెలో పని."

చిటికెలో పని! వంట, అత్తగారి మందులు, పిల్ల చదువు, ఈయన బొమ్మల చేతులు, అన్నీ చిటికెలో పనులే. అయినా ఈ చిటికెలకి రోజంతా చాలదెందుకో! ఆమెకు ఒళ్లు మండిపోయింది. అంత మంటలోనూ అలవాటు కొద్దీ కత్తి తీసి మట్టి మణికట్టు మీద ఆనించింది. అమ్మ మణికట్టు. కత్తి పక్కన పెట్టి, చేతులు కడుక్కుంది.

"నేను తియ్యను. మీరే మార్చుకోండి."

"నాకు చేతులు రావని తెలుసుగా!"

"కష్టమేముంది? మన పిల్ల చంటిదిగా ఉన్నప్పుడు ఎత్తుకునే ఉంటారుగా. గుర్తు తెచ్చుకోండి."

ఆయన గ్లాసు కింద పెట్టి రెండు చేతులూ చాచారు. కుడిచెయ్యి పైకీ ఎడమచెయ్యి కిందకీ పెట్టి చూసుకున్నారు. మళ్లీ మార్చారు.

"తల ఏ చేతి మీద ఉంటుందే?"

ఆమె గుడ్డ తడిపి, జెండా పట్టుకున్న అమ్మ చేతికి నెమ్మదిగా చుట్టసాగింది.