వీధికి కట్టిన పళ్ళు

పళ్ళత్త దుకాణానికి వెళ్ళాలంటే ముందు తలెత్తి పైకి చూడాలి, తరవాత పక్కకు తిరగాలి, ఆపైన ఒళ్ళు కాస్త కుదించుకోవాలి. బట్టల కొట్టుకూ పాత్రల కొట్టుకూ మధ్య చిన్న సందు. ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాల్సిందే. ఆ సందు చివర గది ఆమెది. కిటికీ గట్టు మీద ప్లాస్టర్ అచ్చులు, బల్ల మీద మైనం పలకలు, మూలన మెరుగుపెట్టే చక్రం. ఊడిన పళ్ళకు కొత్తవి కట్టడం ఆ ఇంటి పని. మామగారు నేర్పితే ఆమె నేర్చుకుంది, ఆమె నేర్పితే కోడలు నేర్చుకుంది. కొడుక్కి మాత్రం అబ్బలేదు. వాడికి పరాయివాళ్ళ నోళ్ళంటే భయం, హాయిగా బస్సు నడుపుకుంటున్నాడు.

సందు మొదట్లో, వీధిలోకి పొడుచుకొచ్చిన ఇనుప కమ్మీకి, మామగారు చెక్కిన చెక్క పళ్ళ జత వేలాడుతూ ఉండేది. బండి చక్రమంత ఉండేది. పై దవడ, కింది దవడ, మధ్యన కీలు. గాలి వీచిందంటే చాలు, టకటకమని కొట్టుకునేవి. చలి ముదిరిన రోజున బట్టల కొట్టాయన, "చెల్లెమ్మా, మీ పళ్ళకు ఓ దుప్పటి కప్పరాదూ" అనేవాడు. ఎంత దూరాన్నుంచి వచ్చినవాళ్ళైనా ఆ పళ్ళు చూసే సందులోకి తిరిగేవారు. పళ్ళు లేనివాళ్ళకు దారి అడగడం కూడా కష్టమే కదా మరి.

ఆ ఏడు పురపాలక సంఘం బోర్డుల మీద కొత్త నిబంధనలు తెచ్చింది. తేక ఏం చేస్తుంది? ఒకాయన ఆరడుగుల బోర్డు పెడితే పక్కాయన తొమ్మిదడుగులది పెట్టాడు. ఎదుటాయన మేడ కిటికీలు కూడా మూసేసి పదిహేనడుగులది బిగించాడు. పైన కాపురముండేవాళ్ళు మిట్టమధ్యాహ్నం దీపం వేసుకుని అన్నాలు తినేవారు. ఒకనాడు చెప్పుల కొట్టు బోర్డు ఊడి ఉల్లిపాయల బండి మీద పడింది. మనుషులకేం కాలేదు, జరిగిందంతా ఉల్లిపాయలకే.

కొలతల గుమాస్తా టేపు పట్టుకుని వీధి ఆ చివర నుంచి ఈ చివరికి కొలుచుకుంటూ వచ్చాడు. ఏ బోర్డూ గోడ నుంచి జానెడు దాటి ముందుకు రాకూడదట. దుకాణం వెడల్పును బట్టే బోర్డు కొలత అట. సందు కొలిచి, కాగితం మీద లెక్క వేసి, అతను మొహమాటంగా తల గోక్కున్నాడు.

"మీకు వచ్చే బోర్డు అన్నం తినే కంచమంత ఉంటుందమ్మా."

"కంచమంత దాని మీద ఏం రాయమంటావు నాయనా? ఒక్క పన్ను బొమ్మ వేస్తే నిండిపోతుంది."

"వేసుకోండి, గోడకు అతుక్కుని ఉంటే చాలు. ఆ వేలాడేవి మాత్రం దింపాల్సిందే."

నోటీసు ఇంకా రాలేదు, వచ్చాక కూడా నెల గడువుంది. అయినా మర్నాడే పళ్ళత్త నిచ్చెన తెప్పించింది. అప్పుడే ఏం ముంచుకొచ్చిందని బట్టల కొట్టాయన అడ్డం పడ్డాడు.

"ఊడాల్సిన పన్ను ఊడాల్సిందే అన్నయ్యగారూ. నాన్చితే నొప్పి ఎక్కువ" అంది. పైకి అలా అందే కానీ, పళ్ళు కిందికి దిగుతుంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. పన్నెండు రోజుల్లో సందులోకి వచ్చినవాళ్ళు ముగ్గురు. ఒకామె గాజుల కొట్టు కోసం, ఒకాయన ఎండకు తాళలేక, మూడోది పాత్రల కొట్టువాళ్ళ పిల్లి. చక్రం తిరగడం ఆగిపోయింది. కోడలు ఖాళీ బల్లను నాలుగోసారి తుడుస్తూ మెల్లగా అంది.

"ఇలా ఇంకో నెల సాగితే గది ఖాళీ చెయ్యాల్సిందే అత్తయ్యా."

"మూడు తరాల పని, ముప్పై రోజుల్లో మూసుకుంటామటే" అంటూ పళ్ళత్త లేచి సందు మొదట్లోకి వెళ్ళి నిలబడింది. బొమ్మ లేకపోతే తనే బొమ్మయింది.

అక్కడ నిలబడ్డ రెండో రోజున నోటీసులు పంచే బంట్రోతు కనిపించాడు. చంకలో కాగితాల కట్ట, మొహం నిండా చెమట. వీధి ఆ చివరికీ ఈ చివరికీ మూడు సార్లు తిరిగి, చివరికి ఆమె దగ్గర ఆగాడు.

"అమ్మా, ఇక్కడ పళ్ళు ఎక్కడున్నాయి?"

"దేవుడి దయవల్ల నోట్లోనే ఉన్నాయి నాయనా. నీకెందుకు?"

"వేళాకోళం కాదమ్మా, ఇది చూడండి."

ఆమెకు చదువు అంతంత మాత్రం. కోడలిని పిలిచింది. కోడలు పై కాగితం చదివింది: పళ్ళకు ఎదురు బట్టల కొట్టు. రెండోది: పళ్ళ నుంచి కుడివైపు నాలుగో కొట్టు. మూడోది: పళ్ళకు అవతల మేడ, కింది భాగం. నలభై రెండు నోటీసులూ పళ్ళ దగ్గరే మొదలయ్యాయి.

"కొట్ల నంబర్లు వెయ్యకుండా ఇదేం రాతండీ?" అంది కోడలు.

"నంబర్లన్నీ బోర్డుల వెనకాలే ఉన్నాయమ్మా. బోర్డు తియ్యాలంటే నోటీసు ఇవ్వాలి. నోటీసు ఇవ్వాలంటే నంబరు కావాలి. అందుకని మా గుమాస్తా ఇలా రాసుకున్నాడు. ఇక్కడేమో తొమ్మిది బట్టల కొట్లు. ఎవరి దగ్గరికి వెళ్ళినా ఇది మాది కాదు, పక్కవాళ్ళదంటున్నారు."

పళ్ళత్త కొంగు బిగించింది. "పద నాయనా, మీ ఆఫీసుకే పోదాం."

ఆఫీసులో అధికారిణి వయసులో చిన్నదే. కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది. సగానికి వచ్చేసరికి పెదవులు బిగబట్టుకుంది, పైకి నవ్వితే హోదాకు బాగుండదని. గుమాస్తాను పిలిపించింది.

"ఊళ్ళో ఇంకేం దొరకలేదా మీకు?"

"ఆ వీధిలో రోజూ అన్నీ మారిపోతుంటాయి మేడమ్. నలభై ఏళ్ళుగా చోటు మారనివి ఆ పళ్ళొక్కటే."

ఆమె పళ్ళత్త వైపు తిరిగింది. "ఆ బొమ్మ మీద దుకాణం పేరు ఉందా అమ్మా?"

"లేదు తల్లీ. మా మామగారికి చెక్కడం వచ్చు, రాయడం రాదు."

"ధరలు, ఫోన్ నంబరు?"

"ఏమీ లేవు. పళ్ళు, చిగుళ్ళు, అంతే."

అధికారిణి నిబంధనల పుస్తకం తెరిచి చాలాసేపు వెతికింది. పళ్ళత్త కుర్చీ అంచున కూర్చుని, చెంగు కొసను వేలికి చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది.

"పేరు లేకపోతే అది వ్యాపార బోర్డు కాదు" అంది అధికారిణి చివరికి. "దారి గుర్తు కింద నమోదు చేస్తాను. దారి గుర్తు వేలాడొచ్చు. కాకపోతే ఇనుప పట్టీతో బిగించాలి, పదడుగుల ఎత్తున ఉండాలి. ఇక ముందు దాని మీద పేరు రాయకూడదు. రంగు మా వాళ్ళే వేస్తారు."

పళ్ళత్త చూపించిన చోటల్లా సంతకం పెట్టేసింది. మెట్లు దిగుతుంటే కోడలు అడిగింది.

"ఏ రంగో అడిగారా అత్తయ్యా?"

"పళ్ళకు ఏ రంగు వేస్తారే పిచ్చిదానా."

వారం తిరక్కుండానే పళ్ళు మళ్ళీ పైకెక్కాయి. వీధి వీధంతా బయటికి వచ్చి చూసింది. బంట్రోతు ఒక్క పూటలో నలభై రెండు నోటీసులూ పంచేశాడు. ఆ సాయంత్రమే ఆఫీసు మనిషి రంగు డబ్బాతో వచ్చి నిచ్చెన ఎక్కాడు. పళ్ళత్త టీ గ్లాసు పట్టుకుని బయటికి వచ్చేసరికి సగం పని అయిపోయింది. పై దవడంతా నిగనిగలాడే పసుపు రంగు.

"ఇదేం రంగు నాయనా?"

"దారి గుర్తులన్నిటికీ ఇదే అమ్మా, పైనుంచి వచ్చిన ఉత్తర్వు."

బట్టల కొట్టాయన నవ్వాపుకోలేక గుడ్డల తాను మీద వాలిపోయాడు. "చెల్లెమ్మా, తోమక ఎన్నేళ్ళయింది?"

ఆమె గ్లాసు నిచ్చెన మెట్టు మీద పెట్టి, లోపలికి పోయి కూర్చుంది. కట్టిన పళ్ళు తళతళలాడాలని మామగారు ఎన్నిసార్లు మొట్టికాయలు వేశారో ఆమెకే తెలుసు. ఇక గుమ్మంలో ఈ గార పళ్ళు చూసి ఎవరొస్తారు?

ఇంతలో సందులో అడుగుల చప్పుడు. చేతికర్ర పట్టుకున్న ముసలాయన ఒకాయన, ఆయన వెనక ఆయన భార్య, ఆవిడ వెనక ఇంకెవరో.

ముసలాయన గడపలో ఆగి, బోసినోరు చేత్తో మూసుకుని, కోడలితో రహస్యంగా అన్నాడు.

"అమ్మాయీ, ఆ బయట వేలాడదీసిన రకం కాకుండా, తెల్లవి ఏమైనా ఉన్నాయా?"

పళ్ళత్త గబుక్కున లేచి, కుర్చీ లాగి, మైనం చేతిలోకి తీసుకుంది.

"ఎందుకు లేవు బాబుగారూ. కూర్చోండి, నోరు తెరవండి."