ఐదో పేరు

ఇరవై రెండుకు పది కలిపితే ముప్పై రెండు కావాలి. నలభై ఎట్లా అవుతుంది?

బాలనర్సింహ కట్టను మోకాలితో అదిమిపట్టి, తాడు లాగుతూ ఆ లెక్క మళ్లీ చేశాడు. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. నిజాం సర్కారు లెక్కన ఫసలీ 1290 జనాభా రిజిస్టరులో ఆమె వయసు ఇరవై రెండు. పదేళ్ల తర్వాతి రిజిస్టరులో నలభై. ఆడవాళ్ల వయసు అడిగి రాసుకున్నవాళ్లు తక్కువ. లెక్కగాళ్లు దూరం నుంచి ముఖం చూసి వేసుకునేవాళ్లు. అంటే పదేళ్లలో ఆ ముఖం మీద పద్దెనిమిదేళ్లు గడిచాయి. ఆ పై రిజిస్టరులో ఆమె లేనే లేదు.

ఇబ్రహీంపట్నం తాసీలు కచేరీలో అతను దఫ్తరి. కాగితాలను గుడ్డలో చుట్టి కట్టడం, ఎవరైనా అడిగితే విప్పి ఇవ్వడం, మళ్లీ కట్టడం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. రాయడం గుమాస్తాల పని. దఫ్తరి కలం ముట్టడు. కట్టల మీది చీటీలు చూసి చూసి పార్సీ అక్షరాలు కూడబలుక్కోవడం మాత్రం వచ్చింది. తాడు ఒరిపిడికి ఎడమ బొటనవేలి గోరు నిలువునా గాడిపడింది. దుమ్ముకు ముక్కు మీద కట్టుకునే తువాలు విప్పినా, అది ఉన్నట్టే అతని ముఖం సగం ఎప్పుడూ మూసుకునే ఉండేది.

"అరె నర్సింహా, గిదేం ముడి?" గుమాస్తాల మీద పెద్ద, పేష్కార్ అజీముద్దీన్ గడపలో నిలబడి ఒక కట్టను గోటితో గిల్లుతున్నాడు. "లోకమంత కుడికి తిప్పితె నువ్వు ఎడమకు తిప్పుతవ్. రేపు నువ్వు సస్తే గీ కట్టలు ఎవడు విప్పాలె?"

"కత్తెరుంటది గద సాబ్."

పేష్కార్ పొట్ట ఊగేలా నవ్వాడు. ఏడాదికి నాలుగైదుసార్లు ఈ మాట అనుకుంటారు. ఆ ముడి బాలనర్సింహకు తండ్రి రాంచంద్ర నేర్పింది. పలుపు తాళ్లకూ, మోట తాళ్లకూ ఆయన అదే వేసేవాడు. ఊళ్లో ఇంకెవరూ వేయరు.

"పొద్దుగూకే లోపల పాత జనం లెక్కలన్నీ పెరట్ల కాలవెట్టాలె. లెవీ ధాన్యం కాగితాలు రేపే అలమార్లకు ఎక్కాలె, యాదికి పెట్టుకో," అని పేష్కార్ వెళ్లిపోయాడు.

యాదికి లేకపోవడమేమిటి? ఆ హుకుం వచ్చి నెలయింది. దాన్ని పట్టుకుని కట్టలు వేరు చేస్తుంటేనే ఆ పుట కనిపించింది. తన ఇల్లు. ఇంటి యజమాని మల్లేశయ్య, తాత. భార్య లక్ష్మమ్మ. కూతురు యాదమ్మ. కొడుకు రాంచంద్ర, నాలుగేళ్లు. కింద ఐదో పేరు, రేణుకమ్మ. యజమానికి ఏమవుతుందో రాయాల్సిన గడి ఖాళీగా ఉంది. గడి మొదట్లో ఒక సిరా చుక్క. కలం ఆనించి, ఎత్తేసిన గుర్తు.

ఆ పేరు అతను ఎన్నడూ వినలేదు. పెత్తరమాస నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఇంటి నుంచి పోయినవాళ్ల పేర్లన్నీ చెప్పాలి. పేరు చెప్పనివారికి పిడికెడు గింజలు దక్కవంటారు. తండ్రి చెప్పిన పేర్లలో రేణుకమ్మ లేదు. అయితే ఒకటి ఇప్పుడు గుర్తుకొచ్చింది. పేర్లన్నీ అయిపోయాక తండ్రి వెంటనే లేచేవాడు కాదు. నోరు కొద్దిగా తెరిచి, ఒక్క క్షణం అట్లాగే ఉండేవాడు. చిన్నప్పుడు అది ఆవలింత అనుకున్నాడు.

ఎవరామె? ఈ ప్రశ్న తనను ఇంతగా ఎందుకు పట్టుకుందో అతనికి తెలుసు. తెలియనట్టు ఉండడానికి నెల రోజులుగా ప్రయత్నిస్తున్నాడు.

నాలుగేళ్ల కింద, మొన్నటి జనాభా లెక్కలప్పుడు, అతను వాకిట్లో కాళ్లు కడుక్కుంటున్నాడు. గోడ మీద ఇంటి నంబరు జాజుతో రాసి ఉంది. లెక్కగాడు గడపలో కూర్చుని ఒక్కొక్కరినీ అడుగుతున్నాడు. అన్న కొడుకు దశరథ, అతని భార్య సుగుణమ్మ. "గాయన?" అని లెక్కగాడు గడ్డంతో ఇటు చూపించాడు. పిండి చేతులతో ఉన్న సుగుణమ్మ తల తిప్పి, "గాయననా? మా ఇంట్లనే ఉంటడు," అంది. ఆ మాటలో ద్వేషం లేదు. కనీసం విసుగైనా లేదు. లెక్కగాడి కలం కాగితానికి ఆని, ఆగి, కిందికి జరిగింది.

కోడలి తప్పేముంది? పెళ్లయిన మూడో ఏడు భార్య పోయాక అతను మళ్లీ చేసుకోలేదు. ఊరు దాన్ని దుఃఖం అనుకుంది. నిజానికి ఖాళీ అయిన చోటుకు మనసు అలవాటు పడింది, అంతే. కంచంలో పెట్టింది తిన్నాడు, వేసిన చోట పడుకున్నాడు. రెండోసారి వడ్డించమని ఎవరినీ అడగలేదు. అడగని మనిషి ఇంటికి ఏమవుతాడు?

ఆ రేణుకమ్మ సంగతి తెలిసిన మనిషి ఊళ్లో ఒక్కరే మిగిలారు. కరీమున్నీసా బీబమ్మ, పాత ఇంటి పక్క గోడవాళ్లు. ఎనభై దాటాయి. మూడు రోజుల కింద వెళ్లి అడిగితే చెవికి చెయ్యి ఆనించి వింది.

"రేణుకా!" అంది. "ధాత కరువుల వచ్చింది బిడ్డా. మంది పశులోలె నడిచి పోతున్నరు, గా మందిలకెల్లి వచ్చి మీ తాత అరుగు మీద కూలవడ్డది. సంకల బిడ్డ సచ్చి ఉన్నది. మీ నాయినమ్మకు జరమొచ్చి పాలెండిపోయినయ్. మీ నాయిన నెత్తురుగుడ్డు, ఏడ్వనీకె సుత పానం లేదు. ఆమె అడగలె, వీళ్లు చెప్పలె. పోరన్ని తీసుకొని రొమ్ముకు పెట్టుకున్నది. నేను గోడ మీదికెల్లి చూసిన."

"ఏం కులమట బీబమ్మా?"

ముసలామె పళ్లు లేని నోటితో నవ్వింది. "గదే అడిగిన్రు, కరువు పోయినంక. ఉన్నప్పుడు ఎవ్వలడగలె. ఆమె చెప్పలె. గంతే, పశుల కొట్టంల పండవెట్టిన్రు, చిప్ప ఏరే, నీళ్ల ముంత ఏరే. పొమ్మననీకె నోరు రాలె, రమ్మననీకె రాలె. మీ నాయిన మాత్రం కండ్లు తప్పిచ్చి కొట్టంలకే ఉరుకుతుండె. ఇంకోటి ఉన్నది... ఆమెది ఒక వస్తువ. సందుగ పెట్టెల యాడనో ఉన్నది. బేస్తారం రా, దేవులాడి పెడ్త."

ఈరోజు బేస్తవారం.

మధ్యాహ్నం సద్ది గిన్నె తెరవకుండానే అతను బయలుదేరాడు. కొట్టం అన్న మాట మూడు రోజులుగా లెక్కకు జవాబులా తగులుతూనే ఉంది. అయినా మళ్లీ లెక్క చేస్తూ నడిచాడు. ఇరవై రెండు, పది, నలభై. గల్లీ మలుపులో మగవాళ్లు టోపీలు తీసి మడుస్తూ ఎదురొస్తున్నారు. వాళ్ల చేతులకు తడి మట్టి. బీబమ్మ వాకిట్లో చాప పరిచి ఉంది. అతనికి అర్థమైంది. అడుగులు మాత్రం ఆగలేదు, కొంచెం నెమ్మదించాయి.

బీబమ్మ కోడలు మాసూమా కొంగు సవరించుకుని గడపకు వచ్చింది. "తెల్లారగట్ల పోయింది అన్న. చాయ్ అడిగింది, నేను తెచ్చేసరికి లేదు."

అతను చాప వైపు చూస్తూ నిలబడ్డాడు. ఆమెతో పాటు ఇంకొకామె కూడా ఇప్పుడే పోయినట్టు అనిపించింది.

"నీకోసం మూడు దినాలు సందుగంత గుల్ల చేసింది. నేను తిట్టిన గుడ." మాసూమా లోపలికి వెళ్లి ఒక జనుపతాడు చుట్ట తెచ్చింది. "నిన్న మాపు దొరికింది. మీ ఇంటి ఉయ్యాల తాడంట. మా ఆయన పుట్టినప్పుడు అడుక్కొచ్చిన్రట, మల్ల ఇయ్యలేదట. 'గా రేణుక పేనింది, నర్సింహకియ్యి' అన్నది."

"ఇంకేమన్న చెప్పిందా?"

"వాపస్ ఇయ్యకపోతిమని ఫికర్ వడ్డది. గంతే అన్న."

కచేరీ వెనక గోడ నీడలో కూర్చుని అతను చుట్ట విప్పాడు. తాళ్లు అతనికి అక్షరాల కంటే బాగా తెలుసు. నార నల్లబడింది కాని తెగలేదు. చెయ్యి పట్టి లాగే కొస దగ్గర నున్నగా, గాజు లాగా మెరుస్తోంది. పేట ఎడమకు తిరిగి ఉంది. ఎడమచేతి వాటమున్న పుర్రచేతి మనిషి పేనిన తాడు. పై కొసన ఒక ముడి. అతని వేళ్లు చూడకుండానే దాన్ని తడిమాయి, దారి తెలిసిన ఎద్దుల్లా. ఎడమకు తిప్పి, కింద నుంచి తీసి, రెండోసారి ఎడమకే.

ఇరవై ఆరేళ్లుగా రోజూ తను వేస్తున్న ముడి.

కొట్టంలో ఆమె చేతి ముందు కూర్చున్న నాలుగేళ్ల పిల్లవాడు, తన తండ్రి, కళ్ల ముందు మెదిలాడు. ఆ ఇంట్లో ఆమెకు చిప్ప వేరు, ముంత వేరు. ముడి మాత్రం ఇంట్లోకి వచ్చేసింది. దాన్ని ఎవరూ ఆపలేకపోయారు, ఎవరికీ తెలియలేదు కాబట్టి.

పొద్దు వాలుతుండగా పెరట్లో మంట వేశారు. బాలనర్సింహ ఒక్కో కట్ట ముడి విప్పి, గుడ్డా తాడూ వేరు చేసి, కాగితాలు అందిస్తున్నాడు. ఫసలీ 1290 దగ్గర అతని చేతులు ఆగాయి. పేష్కార్ మెడ చాచి చూశాడు.

"ఏంది, మీ ఇంటి పుటనా? నెల నుంచి చూస్తున్న, గదొక్కటే తీస్తవ్, పెడ్తవ్. కావాలంటె తీస్కపో. రద్దీ కాగితమే గద."

తీసుకుపోవచ్చు. ఎక్కడ పెట్టాలి? అతని పేరున ఒక గూడైనా లేని ఇంట్లో అది వారానికల్లా మిరపకాయల పొట్లమవుతుంది.

"వద్దు సాబ్. ఆమెనొక్కదాన్ని విడిగ తీస్కపోయి ఏం చేయను? ఇంటోళ్లతోనే పోనియ్యిన్రి." చెయ్యి చాచి, "జర కలమియ్యిన్రి," అన్నాడు.

అజీముద్దీన్ నవ్వబోయి, అతని ముఖం చూసి నవ్వలేదు. చెవి వెనకనున్న కలం తీసి, సిరాబుడ్డిలో ముంచి ఇచ్చాడు.

బాలనర్సింహ మోకాలి మీద పుట పరిచాడు. ఆ గడి అడుగుతున్నది ఆమె యజమానికి ఏమవుతుందని. దానికి జవాబు తాతకే తెలియలేదు. అతను కింద నుంచి ఒక వరుస పైకి, రాంచంద్ర, నాలుగేళ్లు, అన్న చోటుకు చూశాడు. తర్వాత సిరా చుక్క పక్కనే, పార్సీ అక్షరాల నడుమ, వంకర తెలుగులో రాశాడు. సాదిన తల్లి.

ఆరేదాకా ఊదాడు. రిజిస్టరులో ఆ పుటను దాని చోట పెట్టి, కట్టనంతా రెండు చేతులతో మంటకు ఇచ్చాడు.

చీకటి పడకముందే అందరూ వెళ్లిపోయారు. దఫ్తర్ గదిలో ఖాళీ అలమారాల పక్కన, కట్టుతాళ్లు తగిలించే మేకు ఒక్కటే ఆ గదిలో అతనిది. దానికి ఎర్ర నూలుతాళ్ల నడుమ ఒక పాత జనుపతాడు వేలాడుతోంది. నున్నబడిన కొస కిందికి జారి, ఇంకా కొద్దికొద్దిగా ఊగుతోంది.