బుజ్జమ్మ ముందు ఖాళీ కుర్చీ

వనపర్తి శివార్లలోని ఆడపిల్లల హాస్టల్ బడికి జయశ్రీ వచ్చిన ఏడు కూడా సగం ఊళ్లు కూలి పనులకు పుణే, బొంబాయి దారి పట్టే ఉన్నాయి. ఆమె హైదరాబాదులో పిల్లల మనస్తత్వం మీద పీహెచ్‌డీ చేస్తోంది. డాక్టరేటు చేతికి రావాలంటే ఒక ఏడాది ఏదో ఒక బడిలో పిల్లల మధ్య పనిచేసి శిక్షణ పొందాలి. తోటివాళ్లంతా నగరంలో పెద్ద బడులు చూసుకుంటే, గద్వాల పిల్ల కాబట్టి, మన వైపు పిల్లలకు పనికొద్దామని ఈమె ఇటొచ్చింది. మంచి మనసే, ఎవరు కాదన్నారు? ఆ మంచి మనసే కొంప ముంచింది.

బుజ్జమ్మది పెబ్బేరు అవతలి పల్లె, చదివేది నాలుగో తరగతి. తండ్రి మల్లన్న జ్వరమొచ్చి పోయాడు. తల్లి పెంటమ్మ, కూలీలను జట్టుగా తోలుకుపోయే గుంపు మేస్త్రీ వెంట పుణేకి, బిల్డింగు పనికి పోయింది. బిడ్డ చూస్తే కాళ్లకు చుట్టుకుంటుందని, నిద్రలో ఉండగానే లారీ ఎక్కేసింది. మేనమామ తెచ్చి హాస్టల్లో దింపినప్పటి నుంచి బుజ్జమ్మ నోరు విప్పలేదు. ఎంతసేపూ గేటు వైపే చూసేది. టీచర్లు మొండిఘటమని వదిలేశారు. ఈ పిల్ల చేత ఒక్క మాట పలికించాలని జయశ్రీ పట్టు పట్టింది.

ఆమెకు శిక్షణ ఇచ్చే ప్రొఫెసర్ ఫోనులో ఉపాయం చెప్పాడు. పిల్ల ఎదుట ఖాళీ కుర్చీ వెయ్యి, తల్లి అందులో కూర్చున్నట్టు ఊహించుకొని మనసులోది చెప్పమను అన్నాడు. జయశ్రీ తు.చ. తప్పకుండా చేసింది. పిల్ల బెదరకుండా తన తరఫున ఒక మాట కలిపింది కూడా.

"మీ అమ్మ వచ్చి గీ కుర్చీల కూసున్నది బుజ్జమ్మా. నీకు కనబడకపోయినా నీ మాట ఇంటది. చెప్పు."

పిల్ల ముఖం పాలిపోయింది. కుర్చీ చెయ్యి మెల్లగా తాకి చూసింది. తర్వాత కట్ట తెగినట్టు ఏడ్చింది. చెప్పకుండా ఎందుకు పోయావని కుర్చీని నిలదీసింది, ఇంకెప్పుడూ సతాయించనని ఒట్టేసింది. జయశ్రీకీ కళ్లనీళ్లు ఆగలేదు. ప్రొఫెసర్ అయితే ఆమెను ఆకాశానికెత్తేశాడు.

మర్నాటి నుంచి బుజ్జమ్మ మాట్లాడింది, చదివింది, తన బట్టలు తనే ఉతుక్కుంది. మేడం చేతిలో ఏదో మహిమ ఉందన్నారు టీచర్లు. జయశ్రీ ఉబ్బితబ్బిబ్బైంది. కానీ పిల్ల గేటు వైపు చూడటం మానేసింది. ఆదివారాలు మిగతా పిల్లల తల్లులొస్తే అటు వీపు పెట్టి కూర్చునేది. రోజూ అన్నంలో మొదటి ముద్ద గోడ మీద పెట్టి, కాకి ముట్టేదాకా తాను తినేది కాదు. ఒక మధ్యాహ్నం జయశ్రీ ఉండబట్టలేక అది ఎవరికని అడిగింది.

"అమ్మకు."

"అమ్మ పుణేల ఉన్నది గద?"

"లేదు మేడం. నువ్వే పిలిచినవ్. బతికున్నోళ్లు కూసుంటే కనబడతరు."

జయశ్రీకి అప్పుడు తట్టింది. ఆ వైపు ఇళ్లలో పెద్దల అమావాస్య, పెత్రమాస నాడు పోయినవాళ్లకు ఖాళీ పీట వేసి, ముందు విస్తరి పెట్టి, వచ్చి కూసున్నవా అని పలకరిస్తారు. చనిపోయిన తాతతో అవ్వ అలా మాట్లాడుతుంటే తాను పక్కనే కూర్చుని చూసింది. బుజ్జమ్మ కూడా తండ్రి పీట ముందు అలాగే కూర్చుని ఉంటుంది. ఇంత తెలిసీ గుర్తు రాలేదే! పుస్తకంలో ఇంగ్లీషు పేరుతో ఉండేసరికి ఇదేదో వేరే సంగతి అనుకుంది పిచ్చిది.

అమ్మ నిక్షేపంగా ఉందని ఎంత చెప్పినా పిల్ల బుద్ధిగా తలూపిందే గానీ నమ్మలేదు. నాయిన పోయినప్పుడు కూడా దవాఖానలో ఉన్నాడనే చెప్పారంది. మేస్త్రీకి ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. ఇక జయశ్రీకి మనసు మనసులో లేదు. తన గదిలో ఆ కుర్చీలో తాను కూర్చోలేకపోయింది, ఇంకొకరిని కూర్చోనివ్వలేకపోయింది. గాలికి తలుపు కదిలితే ముందు కుర్చీ వైపే చూసేది. నిజంగానే పెంటమ్మకు ఏమన్నా అయిందా, నేను పిలిస్తే వచ్చిందా అనిపించేది. ఇంత చదివీ ఈ భయమేమిటని తనను తానే తిట్టుకునేది. భయం మాత్రం పోలేదు.

ఎట్టకేలకు మేస్త్రీ దొరికాడు. పెంటమ్మ బతికే ఉంది. జయశ్రీ ఏడ్చినంత పనిచేసి, పెంటమ్మ మాట్లాడుతుండగానే ఫోను పరుగున తీసుకెళ్లి పిల్ల చెవి దగ్గర పెట్టింది. బుజ్జమ్మ అంతా విని ఫోను తిరిగిచ్చింది. గొంతు అమ్మదేనని ఒప్పుకుంది. అమ్మకు ఒక ముద్ద చాలట్లేదేమోనని ఆ మధ్యాహ్నం గోడ మీద రెండు ముద్దలు పెట్టింది.

ఇక తల్లి కళ్లెదుట నిలబడితే తప్ప ఈ పిల్లకు తల్లి లేదు. జయశ్రీ బతిమాలి పెంటమ్మను రప్పించింది, తానే గద్వాల బస్టాండుకు ఎదురెళ్లింది. దారిలో బీచుపల్లి వంతెన మీద పెంటమ్మ ఆంజనేయస్వామికి దండం పెట్టుకుంది. బిడ్డ తనను మరిచిపోలేదు కదా అని పదే పదే అడిగింది. జరిగింది చెప్పాలని జయశ్రీ నోటిదాకా తెచ్చుకుంది, ఆ ఆశ చూసి మింగేసింది. పిల్ల తల్లిని కళ్లారా చూస్తే అన్నీ సర్దుకుంటాయిలే అనుకుంది.

వాళ్లు వెళ్లేసరికి పిల్లలు వరండాలో అన్నాలు తింటున్నారు. సిమెంటు పనికి పెంటమ్మ చర్మం బూడిద రంగు తిరిగింది, కళ్లు లోపలికి పోయాయి. బిడ్డా అని చేతులు చాచింది. బుజ్జమ్మ లేచి ముందు ఆమె పాదాలు ఎటు తిరిగి ఉన్నాయో చూసింది, తర్వాత ముఖం చూసింది. ఒక్క ఉరుకున వచ్చి జయశ్రీ వెనక దాక్కుని, ఆమె చున్నీని పిడికిట్లో బిగించింది.

"మేడం, నువ్వే పిలిచినవ్ గద. నువ్వే పంపియ్యి."

పెంటమ్మ చేతులు అలాగే చాచి, గిరుక్కున వెనక్కి తిరిగి చూసింది. బిడ్డను అంతగా భయపెట్టిన మనిషి ఎవరో తన వెనకాల వచ్చి నిలబడ్డారనుకుంది.