నాలుగో దండుగ

ఆ శుక్రవారం కూడా బడి వదిలాక నేను ఇంటికి వెళ్ళలేదు. ఉప్పల్ చౌరస్తాలో స్కైవాక్ ఎక్కి గుండ్రంగా ఒక చుట్టు తిరిగాను. దిగవలసిన మెట్ల దగ్గరికి వచ్చి, దిగకుండా మళ్ళీ నడిచాను. సంచిలో దిద్దవలసిన తెలుగు పేపర్లున్నాయి. ఇంట్లో కూర్చుని దిద్దుకోవచ్చు. కూర్చోవటమే కుదరటం లేదు.

అప్పుడే హృషికేశ్ ఫోన్ చేశాడు. నా భర్త సుధీంద్ర నాచారంలో ఇత్తడి వాల్వులు చేసే ఫ్యాక్టరీలో ప్రొడక్షన్ మేనేజరు. వానాకాలం మొదట్లో పోయారు. ఆయన కింద పనిచేసిన హృషికేశ్ ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నాడు.

"ఆంటీ, ఒక్కసారి ఫ్యాక్టరీకి రాగలరా? బోర్డు విషయం. రేపు కస్టమర్ వాళ్ళు ఆడిట్‌కి వస్తున్నరు. సారమ్మ అని ఒకామె మొండికేసి కూర్చుంది. మీరు తెలుగు టీచర్ కదా, మీరు చెప్తే వింటది."

ఆటో ఎక్కాను. ఎందుకు పిలిచాడో పూర్తిగా వినకుండానే ఎక్కాను.

ఆ బోర్డు సంగతి నాకు తెలుసు. సరుకు విలువను ఏమాత్రం పెంచని పనులు ఫ్యాక్టరీలో ఏడు రకాలుగా ఉంటాయని సుధీంద్ర చెప్పేవారు. అక్కర్లేకుండా సరుకును అటూ ఇటూ మోయటం, అవసరానికి మించి నిల్వ పెట్టటం, మనుషుల్ని ఊరికే తిప్పటం, పని అందక ఆగి ఉండటం, ఇలా. వాటిని పనివాళ్ళే గుర్తుపట్టాలని, అందుకు తెలుగు మాటలు కావాలని ఆయన పట్టుదల. దవాఖానాలో స్కానింగ్ గది బయట, చక్రాల కుర్చీలో ఉండి కూడా అదే అడిగారు.

"వెయిటింగ్‌కి మీ తెలుగులో ఏమంటారు?"

"నిరీక్షణ."

"పొట్టిగా ఉంది. బోర్డు మీద పడుతుంది."

పైన 'ఏడు దండుగలు' అని పెడతానంటే నేను ఒప్పుకోలేదు. వృథా అనండి, మర్యాదగా ఉంటుంది అన్నాను. "వృథా అంటే తల ఊపి పోతారు. దండుగ అంటే తగులుతుంది" అన్నారు. ఇంతలో లోపలికి పిలిచారు. తర్వాత ఆయన కొద్దిరోజులు ఫ్యాక్టరీకి వెళ్ళి ఆ ఏడూ పనివాళ్ళకు నేర్పారు, కానీ మేము మళ్ళీ మాటల గురించి మాట్లాడుకోలేదు.

ఆయన పోయాక హృషికేశ్ ఆ మాటలన్నీ పెద్ద రేకు మీద ఎర్రరంగుతో రాయించి, కింద ఆయన పేరు పెట్టించాడు. నేను ఫొటోలో చూశాను. నేరుగా చూడటం ఇదే మొదలు.

బోర్డు తనిఖీ బల్ల ఎదురుగా గోడకు ఉంది. బల్ల దగ్గర నీళ్ళతొట్టి. వాల్వులోకి గాలి పంపి నీళ్ళలో ముంచి, బుడగలు వస్తే పక్కన పడేసే పని సారమ్మది. నా వయసే ఉంటుంది. నీలం ఏప్రాను, మెడలో సన్నటి నల్లదారానికి చిన్న సిలువ. పక్కన రంగుడబ్బాతో నిలబడ్డ నరేన్ మెయింటెనెన్సు మనిషి. బోర్డు రాసింది అతనే.

"టీచరమ్మా, మంచిగ వచ్చిన్రు" అన్నాడు నరేన్. "జర గీ 'అధికోత్పత్తి' అంటె ఏందో జెప్పున్రి. మావోళ్ళు గిప్పటికి అది కొత్త మిషన్ పేరనుకుంటున్రు."

"నువ్వు ఊకో నరేన్" అన్నాడు హృషికేశ్. నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పాడు. "ఆడిటర్లు నేరుగా లైన్లోకి వచ్చి అడుగుతారు ఆంటీ. బోర్డు చూసి అయినా సరే, ఏడూ చెప్పాలి. ఈమె ఆరు చెప్తది, నాలుగోది, 'నిరీక్షణ', చెప్పదు. లైన్లో అందరూ చెప్పాలని పైనుంచి ఆర్డరు. చెప్పకపోతే రేపటి నుంచి ఘట్‌కేసర్ గోడౌన్‌కి పంపమన్నరు."

సారమ్మ ఉండేది మౌలాలిలో. ఘట్‌కేసర్ అంటే రెండు బస్సులు మారాలి, అక్కడ చేయవలసింది పెట్టెలు మోసే పని. ఆమె మోకాలికి కట్టిన పట్టీ చీర అంచు కింద కనబడుతూనే ఉంది.

నేను తరగతిలో చెప్పినట్టే చెప్పాను. నిరీక్షణ అంటే ఎదురుచూడటం. ముందు మిషన్ నుంచి వాల్వులు రావటం ఆలస్యమైతే మీరు ఇక్కడ ఊరికే ఆగవలసి వస్తుంది కదా, ఆ సమయం దండుగ. మీ తప్పు కాదు, పద్ధతిలో తప్పు. మాట సరైనదే. నిఘంటువులో చూసుకోవచ్చు.

సారమ్మ మొత్తం విన్నది. నేను ఆపాక అంది, "మీ మాట తప్పని నేనంటలేను టీచరమ్మా. మా చర్చిల ఆ మాటకు వేరే అర్థం ఉన్నది. ఆశ అన్నట్టు. సచ్చిపోయినోళ్ళను మల్ల సూస్తమని ఉండే ఆశ."

"అది అక్కడి అర్థం. ఇక్కడ..."

"మా ఆయన సమాధి రాయి మీద గదే మాట జెక్కిచ్చిన. 'నిరీక్షణతో నిద్రించెను' అని. పొద్దుగాల గా రాయి తుడిసి, పగటీలి ఈడ నిలవడి నిరీక్షణ దండుగ అని ఎట్ల జెప్పాలె? సారు ఉన్నప్పుడు గూడ నేను నోరిడిసి అనలే. సారు బలవంతం వెట్టలే."

"సారు ఆమెను అడగనే లేదు" అన్నాడు నరేన్. "నాలుగోది వచ్చేటాలకు సారు వేరేటోళ్ళ దిక్కు తిరుగుతుండె."

హృషికేశ్ నుదురు రుద్దుకున్నాడు. "నాకూ మార్చాలనే ఉంది ఆంటీ. కానీ ఇవి సార్ మాటలు. సార్ పేరు కింద ఉంది. నేనెట్ల మార్చను? మీరు వద్దంటే వద్దు, అంతే."

అందరూ నా వైపే చూస్తున్నారు. నేను బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి నడిచాను. ఎవరూ నన్ను ఆపలేదు. లైను అవతల మిషన్లు ఆగటం, మొదలుకావటం వినబడుతోంది. ఆ స్కానింగ్ గది బయట ఆయన అడగటం, నేను చెప్పటం, ఆయన మెచ్చుకోవటం. తర్వాత మాకు మాట్లాడుకోవటానికి ఏమీ మిగలలేదు. చెరిపేయమని ఆ ఒక్క మాటనే అడుగుతున్నారు వీళ్ళు.

"సారుకు రాయి గిట్ల వెట్టిన్రా టీచరమ్మా?" అని సారమ్మ అడిగింది.

"మాలో ఉండదమ్మా. నదిలో కలిపేశాం."

"మరి యాడికి వోతరు?"

బడి వదిలాక ఎక్కడెక్కడ తిరుగుతున్నానో చెప్పటం మొదలుపెడితే ఆపలేనేమో అనిపించింది. సారమ్మ తొట్టి అంచు మీద తడిని గుడ్డతో ఒత్తి, బోర్డు వైపు చూసి, అక్కడ రాసి ఉన్న పేరు చూసి, కళ్ళు దించుకుంది.

"వాల్వులు రాకుండా ఇక్కడ ఆగిపోతే, మీలో మీరు ఏమనుకుంటారు?" అన్నాను.

"ఏమంటం? ఉత్తగ నిలబడుడు."

"మేమైతే వేరే అంటం, టీచరమ్మ ముంగట జెప్పరాదు" అన్నాడు నరేన్.

"నీ నోరు గడుగుకోరా" అంది సారమ్మ.

"అదే రాయి నరేన్. ఉత్తగ నిలబడుడు" అన్నాను.

హృషికేశ్ తటపటాయించాడు. "నిలబడటం అని రాద్దామా ఆంటీ, కొంచెం పుస్తకాల తెలుగులో?"

"నిలబడుడు. వాళ్ళు ఎలా అంటే అలా."

నరేన్ గుడ్డను థిన్నర్‌లో ముంచాడు. నేను చెయ్యి చాపాను. అతను ఒక క్షణం చూసి గుడ్డ ఇచ్చాడు. నిచ్చెన అక్కర్లేదు, నాలుగో వరుస నాకు అందుతుంది. మొదటి అక్షరం దగ్గర చెయ్యి ఆగింది. అక్కడే మొదలుపెట్టలేక చివరి అక్షరం నుంచి వెనక్కి తుడిచాను. 'ణ' పోయింది. రంగు ఒక్కసారిగా పోదు, ముందు కరిగి పక్కకు పాకుతుంది, మళ్ళీ ఒత్తాలి. వేళ్ళు ఎర్రబడ్డాయి. 'ని' మిగిలినప్పుడు హృషికేశ్ ముఖం తిప్పుకున్నాడు. దాన్నీ తుడిచాను.

నరేన్ కొత్త మాట రాశాడు. మిగతా వరుసల కన్నా పొడవు కావటంతో 'డు' అంచుకు ఆనుకుని వచ్చింది.

"కింద సార్ పేరు ఉంచనా ఆంటీ?" అన్నాడు హృషికేశ్.

"ఉంచు. కానీ అందులో తప్పుంది. ధకారానికి కింద గీత లేదు. దకారం అయింది."

"మొదటి నుంచీ తప్పేనా? ఫొటో పంపినప్పుడు చెప్పలేదేంటి ఆంటీ?"

అప్పుడు చెప్పాలనిపించలేదు. నరేన్ కుంచె అంచుతో చిన్న గీత పెట్టాడు. అక్షరాన్ని దగ్గరగా చూశాను. సరిపోయింది.

"ఇప్పుడు చెప్పు సారమ్మ" అన్నాడు హృషికేశ్, గొంతు సవరించుకుని. "ఏడు దండుగలు ఏంటివి?"

సారమ్మ బోర్డు వైపు చూడకుండా అతని ముఖంలోకి చూసి చెప్పింది. మూడో దాని తర్వాత ఆమె ఆగకుండా, "ఉత్తగ నిలబడుడు" అని, ఐదోదానికి వెళ్ళింది. అధికోత్పత్తి దగ్గర నాలుక మడతపడి రెండుసార్లు అంది. నరేన్ నవ్వాడు. ఏడోది చెప్పాక హృషికేశ్ తల ఊపాడు.

"లైన్లనే ఉంటనా సార్?"

"లైన్లనే ఉంటవు."

వాల్వుల ట్రాలీ వచ్చింది. సారమ్మ ఒకటి తీసి గాలిగొట్టానికి బిగించి, నీళ్ళలో ముంచి, బుడగల కోసం వంగి చూడసాగింది. ఆమె మోచేతికి అడ్డం కాకుండా నేను పక్కకు జరిగాను.