పోటీ లేని వ్యాపారం

ఆ ఏడు ఇబ్రహీంపట్నం డిగ్రీ కాలేజీకి ఒక మెంటర్ దిగాడు. పేరు రాజశేఖర్. ఆయన పెట్టిన కంపెనీలన్నీ మూతపడ్డాయి. ఆ అనుభవమే అర్హత కాబోలు, పిల్లల్ని వ్యాపారవేత్తల్ని చేస్తానంటూ నెలకోసారి సిటీ నుంచి కారేసుకుని వచ్చేవాడు.

కార్తీకంలో ఒక సోమవారం కాలేజీ మైదానంలో స్టాళ్లు పెట్టాలన్నాడు. బాగా అమ్మిన ఒక్కరికి సిటీలో శిక్షణ, ఆపైన ఉద్యోగం. ఫైనలియర్ నర్మదకు ప్రాణం లేచొచ్చింది. ఆ సీటు దక్కకపోతే పరీక్షలవగానే హయత్‌నగర్ బట్టల షాపులో చీరలు మడతపెట్టాల్సిందే. మేనమామ ఆ పని ఎప్పుడో మాట్లాడి ఉంచాడు.

నర్మద తల్లి ఎంకమ్మ చేపలు అమ్ముతుంది. ఆ సంగతి వినగానే సారు కళ్లు పెద్దవయ్యాయి.

“చేపల ఫ్రై పెట్టు. అదే నీ బ్రాండ్!”

“కార్తీకంల ఎవ్వరు తినరు సార్. మా అమ్మనే ఈ నెల గంప ఎత్తదు.”

“ఎవరూ అమ్మరంటే పోటీనే లేదన్నమాట! మార్కెట్ మొత్తం నీదే.”

ఆహా, ఏం తెలివి! ఇంత చిన్న విషయం ఊళ్లో ఒక్కరి బుర్రకూ తట్టలేదే అని నర్మద మురిసిపోయింది.

“నీకేమన్న పిచ్చి లేసిందా బిడ్డా? సోమారం పూట ఎవడు కొంటడే?” అని ఎంకమ్మ నెత్తి కొట్టుకుంది.

“నీకు తెల్వదమ్మా. సార్ జెప్పిండు.”

ఇక దానికి తిరుగేముంది? తిట్టుకుంటూనే ఎంకమ్మ చేపలు కడిగి కారం పట్టించింది.

సోమవారం పొద్దున క్లాస్‌మేట్ అంకిత పెట్టిన మిర్చి బజ్జీల దగ్గర ఒకటే తోపులాట. నర్మద స్టాలు దాకా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుని పక్కకు జరిగారు. “అక్కా, ఇయ్యాల ఒక్కపొద్దు” అన్నాడొకడు. “ఇంట్ల తెలిస్తె సంపుతరు” అన్నాడింకొకడు. కాలేజీ కుక్క ఒక్కటే ఏ నిష్ఠా లేకుండా చుట్టూ తిరిగింది.

సారు వచ్చి అందరి ముందూ ఒక్క ముక్క తింటే చాలు, నలుగురూ వెనకే వస్తారని నర్మద ఆశ. సారు రానే వచ్చాడు. నల్ల బట్టలు, మెడలో అయ్యప్ప మాల, కాళ్లకు చెప్పుల్లేవు.

“సార్, జర ఒక్క ముక్క...”

“స్వామి శరణం! దూరం, దూరం మాతా! మాలలో ఉన్నాను” అంటూ ఆయన గబగబా వెనక్కి నడిచాడు. నర్మదకు కడుపు మండిపోయింది.

సాయంత్రం సీటు అంకితకు పోయింది. సారు నర్మదను స్టేజీ మీదికి పిలిచి, ఈ ఓటమే నీ అసలు పెట్టుబడి అన్నాడు. పైగా చప్పట్లు కూడా కొట్టించాడు. కళ్లముందు బట్టల షాపు కదులుతుంటే ఆ పిల్లకు ఏడుపు ఆగలేదు.

“వచ్చే ఏడు జూనియర్లకు నువ్వే చెప్పాలమ్మా, వ్యాపారం ఎలా మునుగుతుందో!” అని ఆయన నవ్వుతూ మైకు ఆమె చేతిలో పెట్టాడు.

నర్మద కళ్లు తుడుచుకుంది.

“తప్పకుంట జెప్త సార్. ఎవరి మాట ఇంటే మునిగిందో, పేరుతోని జెప్త.”